వాల్ప్రోయేట్‌తో ఫిట్స్ ఆగిపోయినాయి, ఇప్పుడు సంబంధాలు చూస్తా ఉన్నాం... బిళ్ళ మార్చాలా వద్దా?

కందుకూరు_తమ్ముడు:
మా అక్కకి 23. ఇంటర్లో మొదలైనాయి. పొద్దున లేవగానే చేతులు ఒక్కసారిగా ఎగిరేవి, కాఫీ గ్లాసు జారి పడేది, రాత్రి నిద్ర లేకపోతే మాత్రం పూర్తిగా పడిపోయి కొట్టుకునేది. ఒంగోలులో న్యూరో డాక్టరు ఈఈజీ (మెదడు పరీక్ష) తీయించి జేఎంఈ, అంటే కుర్ర వయసులో మొదలయ్యే చేతులు ఎగిరే రకం మూర్ఛ అని చెప్పి వాల్ప్రోయేట్ రాశాడు, డిగ్రీ అయిపోయేదాకా మళ్ళీ ఒక్క ఫిట్టు రాలా. బరువు పెరిగింది, జుట్టు ఊడతా ఉంది. ఇప్పుడు నెల్లూరులో ఇంకో డాక్టరమ్మకి చూపిస్తే ఆడపిల్లకి ఈ బిళ్ళ వద్దు, పెళ్ళికి ముందే లెవెటిరాసెటమ్ అనే ఇంకో ఫిట్స్ బిళ్ళకి మార్చుకోండి అంటోంది. నాన్నేమో బాగున్నదాన్ని కెలకడం ఎందుకంటాడు. అమ్మ అయితే పెళ్ళి కుదిరేలోపల మొత్తం ఆపేద్దాం అంటది. ఏం చెయ్యాలో తెలిసినోళ్ళు చెప్పండి.

అల్లూరు_రొయ్యలగుంట:
మీ నాన్న చెప్పిందే కరెక్టు తమ్ముడూ. జేఎంఈకి వాల్ప్రోయేట్‌ని మించింది లేదు. 2021లో బ్రిటన్‌లో చేసిన పెద్ద స్టడీ లాన్సెట్‌లో వచ్చింది, ఈ రకం ఫిట్స్‌లో లెవెటిరాసెటమ్ దానికి సాటి రాలేదనే తేలింది. మారుస్తా ఉండగా ఫిట్టొచ్చి బావి దగ్గరో పొయ్యి దగ్గరో పడిపోతే ఎవరిది బాధ్యత? మా గుంటల మీద రాత్రి ఏరేటర్లు చూసే కుర్రోడు బిళ్ళ మార్పించుకుంటా ఉండగానే నీళ్ళలో పడ్డాడు, పక్కన మనిషి ఉండబట్టి బతికాడు. ఫిట్టు కూడా ప్రాణం తీస్తది, సైడ్ ఎఫెక్టు ఒక్కటే కాదు.

పొదిలి_పెద్దాయన:
మా కాలంలో గార్డినాల్ ఒక్కటే ఉండేది, తర్వాత ఎప్టాయిన్. చవక. మా వదిన ఏళ్ళ తరబడి వేసుకుంది, పిల్లల్ని కూడా కన్నది. ఈ కొత్త బిళ్ళల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పాత మందుకే పోకూడదా?

కావలి_మందులషాపు:
పెద్దాయనా, అవి ఈ రకానికి సరైనవి కావు. ఎప్టాయిన్, టెగ్రెటాల్ లాంటి ఫిట్స్ మందులు జేఎంఈలో ఆ చేతుల ఎగురుడుని ఇంకా పెంచొచ్చు. పైగా ఎప్టాయిన్ ఏళ్ళ తరబడి వాడితే చిగుళ్ళు ఉబ్బుతాయి, ఆడపిల్లల మొహం మీద వెంట్రుకలు వస్తాయి, డోసు కొంచెం ఎక్కువైతే తూలుతా నడుస్తారు. గార్డినాల్ 1912 నుంచి ఉన్న మందు, చవక నిజమే, కానీ మబ్బుగా ఉంటది, బుర్ర చురుకు తగ్గుతది, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకి దాని రిస్కు దానికుంది. రేటు గురించే అయితే లెవెటిరాసెటమ్ జనరిక్ జనౌషధి షాపుల్లో తక్కువకే వస్తది. కుదిరిన కంపెనీ మాత్రం నెలకొకటి మార్చొద్దు, ఏది దొరికితే అది తీసుకునేవాళ్ళని చూస్తా ఉంటే భయమేస్తది నాకు.

నెల్లూరు_సిస్టర్:
కాన్పుల వార్డులో పనిచేస్తా, అందుకే రాస్తన్నా. అల్లూరు అన్న చెప్పిన స్టడీ నిజమే, కాదనను. కానీ ఆ లెక్కలో ఫిట్స్ ఆగినాయా లేదా అన్నదే పెద్ద సంగతి, పుట్టబోయే బిడ్డ లేదు. వాల్ప్రోయేట్ వేసుకునే తల్లులకి పుట్టే 100 మందిలో 10 మందికి దాకా పుట్టుకతో లోపం ఉంటది, వెన్నుపూస మూసుకోకపోవడం, గుండెలో, అంగిట్లో. మామూలుగా అయితే 2, 3. ఇంకోటి పుట్టగానే తెలీదు, 100కి 30, 40 మంది పిల్లలు మాటలో, నడకలో, చదువులో వెనకబడతారు. ఆ తల్లి తనదే తప్పనుకుని ఏడుస్తా కూర్చుంటే ఏం చెప్తాం. వెన్నుపూస మూసుకోవడం కడుపు నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే అయిపోతది, నెల తప్పిందని తెలిసేసరికే. అప్పుడు పరిగెత్తి మార్పిస్తే లాభం లేదు. డబ్ల్యూహెచ్‌ఓ కూడా పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకి ఇది మొదలెట్టొద్దనే చెప్తోంది. మార్చాలంటే పెళ్ళికి ముందే, ఇంకా సమయం ఉన్నప్పుడే.

అల్లూరు_రొయ్యలగుంట:
సరే అక్కా, బిడ్డ సంగతి ఒప్పుకుంటా. లెవెటిరాసెటమ్ వేసుకుంటే కోపం, చిరాకు, ఊరికే ఏడుపు వస్తాయని అందరూ అంటారు గదా. కొత్త కోడలు అత్తింట్లో చిర్రుబుర్రులాడితే అది మందు వల్ల అని ఎవరు అనుకుంటారు? పొగరు అంటారు.

నెల్లూరు_సిస్టర్:
అది నిజమైన భయమే, తేలిగ్గా తీసుకోను. అందుకే కదా కొన్ని నెలలు ముందు మార్చమనేది, పుట్టింట్లో ఉండగానే అది ఆమెకి పడిందా లేదా తెలిసిపోవాలి. మనసు మరీ దిగులుపడితే అదే రోజు డాక్టరుకి చెప్పాలి, మానుకుని కూర్చోకూడదు. పడకపోతే లామోట్రిజిన్ అనే ఇంకో బిళ్ళ ఉంది, కడుపులో బిడ్డకి రిస్కు తక్కువే, కాకపోతే జేఎంఈలో కొంతమందికి ఎగురుడు పెరగొచ్చు, వాల్ప్రోయేట్ ఇంకా ఉండగా మొదలెడితే చాలా నిదానంగా పెంచాలి, ఒంటి మీద దద్దు కనిపించిందంటే ఆలస్యం చేయకూడదు. ఏ బిళ్ళ అయినా ఫోలిక్ యాసిడ్ డాక్టరు రాసిందే వేసుకోవాలి. మీ అమ్మకి మాత్రం గట్టిగా చెప్పు అబ్బయ్యా, మొత్తం ఆపడం కుదరదు. జేఎంఈలో మందు మానేస్తే ఎక్కువ మందికి మళ్ళీ వస్తాయి, ఒక్కసారిగా ఆపితే ఆగకుండా వరసగా కొట్టుకునే ఫిట్స్ రావొచ్చు, అది ఐసీయూ కేసు.

కందుకూరు_తమ్ముడు:
అమ్మ భయం మందు గురించి కాదక్కా. అవతలోళ్ళకి తెలిస్తే సంబంధం పోతదని. చట్టం ప్రకారం ఫిట్స్ ఉంటే పెళ్ళి చెల్లదని ఎవరో చెప్పారంట.

కావలి_మందులషాపు:
అది పాత మాట. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ అనే పదం ఉండేది, 1999లో తీసేశారు. అయినా దాచితే రోజూ బిళ్ళ ఎట్ట వేసుకుంటది? దాచి వేసుకునేవాళ్ళు ఒక పూట మానతారు, అక్కడే వస్తది ఇబ్బంది. అబ్బాయికి ముందే చెప్పండి, ఫిట్టు వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో ఏం కుక్కకూడదు, 5 నిమిషాలు దాటితే 108కి కొట్టాలి అని నేర్పండి.

పొదిలి_పెద్దాయన:
ముహూర్తం కూడా చూసుకోండి నాయనా. మన వైపు తెల్లారుజామున పెడతారు, పిల్ల రాత్రంతా కూర్చోవాల్సి వస్తది. నిద్ర లేకపోతేనే వస్తాయంటున్నారు గదా.

నెల్లూరు_సిస్టర్:
మంచి మాట చెప్పారు పెద్దాయనా. పగటి ముహూర్తం అడగండి. తమ్ముడూ, ఇద్దరు డాక్టర్ల కాగితాలు, పాత ఈఈజీ అన్నీ ఒకచోట పెట్టి అదే డాక్టరమ్మకి చూపించు, ఒంగోలు ఆయనకి ఫోన్ చేసి మాట్లాడమని అడుగు. పాత బిళ్ళ ఎన్ని వారాల్లో తగ్గించాలి, కొత్తది ఎంతతో మొదలెట్టాలి కాగితం మీద రాయించుకో, ఆ కాగితం మీ అమ్మ చేతికియ్యి.