పిల్లలకు అన్నం పుట్టుక చెప్పాలంటే పొలం కావాలా, ట్రే చాలా?

పలకాబలపం:
మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు తిండి ఎక్కడి నుంచి వస్తుందో నేర్పాలని చాలా ప్రీస్కూళ్ళు ఏడాదికోసారి బస్సు మాట్లాడి పొలం చూపిస్తున్నాయి. ఆ వయసుకు అది దండగని నా వాదన. కోత రోజున వెళితే పిల్లల కళ్ళన్నీ హార్వెస్టరు మీదే, వరి మీద కాదు. తరగతిలో ట్రే ఉంటే రోజూ చూస్తారు. రెండంగుళాల మట్టి, రాత్రంతా నానిన మెంతులు రెండు చెంచాలు, పైన పల్చగా మట్టి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు, మూడు వారాలకు కూర. ధనియాలు వద్దు. బద్దలుగా నలిపి చల్లినా వారం పైనే పడుతుంది, అన్నాళ్ళు ఉత్త మట్టిని చూసి పిల్లలు దాని ఊసే మరిచిపోతారు. చెడేది నీళ్ళ దగ్గరే. గ్లాసుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయి కుళ్ళుతాయి. నీళ్ళ సీసా మూతకు పిన్నీసుతో ఆరేడు బెజ్జాలు పెట్టి చేతికివ్వండి.

గట్టుమీద:
ట్రేలో మెంతులు పెంచిన పిల్లకు మెంతికూర సంగతి తెలుస్తుందండీ. రెండు పూటలా కంచంలో ఉండే అన్నం మాటేమిటి? పొలం వెళ్ళడం తప్పు కాదు, ఒక్కసారే వెళ్ళడం తప్పు. ఒకే మడిని రెండుసార్లు చూపించాలి: నాట్లప్పుడు ఒకసారి, కంకి పండి ఇంకా మిషను దిగనప్పుడు ఇంకోసారి. గట్లమీద నడిపించొద్దు. డొంక పక్క మడి చూసుకుంటే పిల్లలు దారిలోనే నిలబడి కంకి పట్టుకోవచ్చు. నలుగురికి ఒక పెద్ద ఉండాలి. మందు ఎప్పుడు కొట్టారో రైతును ముందే అడగండి, రెండు వారాలు దాటకపోతే మానుకోండి. గుళికల మందు చల్లారా అని విడిగా అడగాలి, అవి పైకి కనబడవు. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు కడిగిన తర్వాతే తిండి.

తవుడు_గంప:
బకెట్లో వరి వేస్తే మీ ఇద్దరి పనీ అవుతుంది. దానికి ముందు ఒకటి చేయండి. ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో వడ్లు ఒక రోజు నానబెట్టి, విడివిడిగా తడిగుడ్డలో మూటకట్టి ఇంకో రోజో రెండు రోజులో ఉంచండి. రైతులు మండె కట్టడమనేది దీన్నే. వడ్లకు తెల్లటి మొన పొడుచుకొస్తుంది, బియ్యం పులిసి వాసనొస్తుంది. బియ్యపు గింజను దగ్గరగా చూపించండి, ఒక కొసన చిన్న గంటు ఉంటుంది. మొలక ఉండాల్సింది అక్కడే. మరపట్టినప్పుడు అది తవుడులో పోయింది. ఆ గంటు చూసిన పిల్లకు బియ్యం ఎందుకు మొలవదో వేరే చెప్పనక్కర్లేదు.

వడ్లు రైతు ఇంటి నుంచే తెచ్చుకోండి. ప్యాకెట్ విత్తనానికి శిలీంధ్రనాశని, అంటే బూజు పట్టకుండా వాడే మందు, పట్టించి ఉండొచ్చు, రంగు కనిపిస్తే పిల్లల చేతికి ఇవ్వనే వద్దు. నిన్నమొన్న కోసినవీ పనికిరావు, కొన్ని రకాలకు నిద్రావస్థ తీరడానికి వారాలు పడుతుంది.

పలకాబలపం:
గంటు మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ బకెట్లో వరి నాలుగు నెలల పని. పైగా నిలవ నీళ్ళలో దోమలు.

తవుడు_గంప:
దోమ గుడ్డు నుంచి ఎగరడానికి వారం పైన పడుతుంది. అయిదు రోజులకోసారి నీళ్ళు పూర్తిగా వంచేసి, మట్టి తడిగా ఉండగానే మళ్ళీ పెట్టండి, సరిపోతుంది. పదిహేను లీటర్ల బకెట్, ముప్పాతిక వంతు మడి మట్టి, 25 రోజుల నారు రెండు మూడు కుదుళ్ళు, పైన రెండు వేళ్ళ నీళ్ళు. వరండా నీడలో పెడితే ఆకు ఏపుగా పెరుగుతుందే గాని కంకి సరిగా వేయదు, ఆరు గంటల ఎండ తప్పదు. పాలుపోసుకునేటప్పుడు, అంటే గింజలో పాలు నిండేటప్పుడు, పిచ్చుకలు వాలతాయి, పాత దోమతెర కప్పండి. చివరికి వచ్చేది గుప్పెడు వడ్లే. దంచడం, చెరగడం పెద్దవాళ్ళు చేయాలి, పిల్లలు గాలికి ఎదురుగా నిలబడకూడదు, ఊక కళ్ళలో పడుతుంది.

మెతుకు:
అన్నం సరే. కూర సంగతి అడిగితే? చికెన్ అంటే కోడి అని ఈ వయసులో చెప్పొచ్చా?

గట్టుమీద:
చెప్పాలండీ. మన మాటల్లో దాపరికం లేదు. కోడికూర, వేటమాంసం, చేపల పులుసు, పేరులోనే అంతా ఉంది. చికెన్, మటన్ అనడం మొదలెట్టాకే పిల్లలకు ముడి తెగింది. అడిగినంతవరకే చెప్పండి, కోయడం చూపించనక్కర్లేదు. తినని ఇళ్ళ పిల్లలూ ఉంటారు, “కొందరు తింటారు, కొందరు తినరు” అంటే చాలు. గుడ్డులో పిల్ల ఉందా అని తప్పకుండా అడుగుతారు. గుడ్ల కోసమే కోళ్ళను పెంచే లేయర్ ఫారాల్లో పుంజులుండవు కాబట్టి ఆ గుడ్డులో పిల్ల ఉండదు. కోడిపిల్లల్ని మాత్రం అయిదేళ్ళలోపు వాళ్ళ చేతికి ఇవ్వొద్దు, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా భయం ఉంది.

పలకాబలపం:
అయితే నా మాట సవరించుకుంటాను. మూడేళ్ళ వాళ్ళకు ట్రే, నాలుగు దాటినవాళ్ళకు బకెట్. 120 రోజుల రకం జూన్ చివర నారు పోస్తే అక్టోబరు ఆఖరుకు కోతకొస్తుంది. వారానికో ఫొటో గోడకు అంటించాలి, లేకపోతే దసరా సెలవుల తర్వాత ఇది మనం వేసిన మొక్కేనా అని అడుగుతారు.