"వ్యక్తిం భేదం చ యో వేత్తి": ఈ భేదం ఏ భేదం?

అక్షరప్రియ:
"సంచయం చ ప్రకోపం చ ప్రసరం..." ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. చివర్లో "భేదం చ యో వేత్తి" అని ఉంది, మధ్యలో ముక్క జారిపోయింది. రోగం మెట్టు మెట్టుగా ముదిరే తీరు చెప్పే శ్లోకం, ఆయుర్వేద గ్రంథకర్త సుశ్రుతుడిది. పూర్తి పాఠం ఎవరైనా పెట్టండి. అంతకంటే ముఖ్యంగా ఆ "భేదం" సంగతి తేల్చండి. తేడానా, రకాలా, పగలడమా?

శ్లోకదాసు:
సంచయం చ ప్రకోపం చ ప్రసరం స్థానసంశ్రయమ్
వ్యక్తిం భేదం చ యో వేత్తి దోషాణాం స భవేద్భిషక్

సుశ్రుతసంహిత, సూత్రస్థానం, 21వ అధ్యాయం. దోషాలు (వాతం, పిత్తం, కఫం) పోగవడం, రెచ్చిపోవడం, వ్యాపించడం, ఒకచోట నిలవడం, రోగంగా బయటపడడం, చివరికి భేదం: ఈ ఆరు మెట్లూ తెలిసినవాడే వైద్యుడని భావం. "దోషాణాం" దగ్గర జాగ్రత్త, కొందరు "రోగాణాం" అనేస్తుంటారు. మొదటి మూడు మెట్లలో రోగం ఇంకా పుట్టనే లేదు, కదులుతున్నవి దోషాలే. ఆ ఒక్క మాట మారిస్తే శ్లోకం మొత్తం కూలిపోతుంది.

భిషగ్విద్యార్థి:
భేదానికి అర్థం అక్కడే ఉందండి. "అవదీర్ణానాం వ్రణభావమాపన్నానాం" అన్నాడు. వాపు పగిలి పుండు కావడం. ఆ అధ్యాయం పేరే వ్రణప్రశ్నం, కాబట్టి పగలడమే సహజం. చిక్కేమిటంటే వెంటనే జ్వరం, అతిసారం లాంటి వాటికి "దీర్ఘకాలానుబంధః" అని చేర్చాడు. జ్వరం పగలదు కదా! అక్కడ భేదం అంటే రోగం వదలకుండా పాతుకుపోవడం. ఒకే మాటకు రెండు పనులు అప్పజెప్పాడు.

పదశోధిని:
"భిద్" ధాతువు తెలుగులో వేరే దారి పట్టింది చూడండి. భేది మందు, భేదులు. ఇది మన సొంత కల్పన కాదు. మరో ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు గట్టిపడిన మలాన్ని ఛేదించి కిందికి దింపే ద్రవ్యాన్ని "భేదనం" అన్నాడు, ఉదాహరణ కటుకి అనే మూలిక. అంటే శాస్త్రంలో ముందునుంచీ ఈ మాటకు బద్దలు కొట్టడమనే అర్థం ఉంది. తేడా అనే అర్థాన్ని ఈ శ్లోకంలోకి లాగకూడదు.

మేఘమాల:
భేదం చివరి మెట్టు. అసలు కిటుకంతా నాలుగో మెట్టులో, స్థానసంశ్రయంలో ఉంది. శరీరమంతా తిరిగే దోషం ఫలానా చోటే ఎందుకు ఆగింది? 24వ అధ్యాయంలో జవాబు, కోపించి శరీరంలో తిరిగే దోషాలు ఎక్కడ చిక్కుకుంటే అక్కడే రోగం పుడుతుందని:

కుపితానాం హి దోషాణాం శరీరే పరిధావతామ్
యత్ర సంగః స్వవైగుణ్యాద్ వ్యాధిస్తత్రోపజాయతే

శ్లోకదాసు:
మేఘమాల గారూ, "స్వ" కాదు, "ఖ". ఖవైగుణ్యాత్.

మేఘమాల:
నేను గురువుగారి నోట విన్నది "స్వ" అనే. ఛందస్సు రెండింటికీ సరిపోతుంది. ముందున్న "సంగః" ఎలాగూ గురువుతో ముగిసింది కాబట్టి "స్వ" సంయుక్తమైనా తేడా రాదు. ఐదో అక్షరం లఘువే.

శ్లోకదాసు:
ఛందస్సు తేల్చదు, ఒప్పుకుంటాను. అర్థం తేలుస్తుంది. ఖం అంటే ఖాళీ, రంధ్రం, స్రోతస్సు. దోషం ప్రవహించే దారిలో లోపం ఉన్నచోట అది చిక్కుకుంటుంది. వ్యాఖ్యాతలు స్రోతోవైగుణ్యం అనే వివరిస్తారు. మూలంలో "స్రోతో" అని రాస్తే ఒక అక్షరం ఎక్కువై పాదం చెడుతుంది. "ఖ" ఒక్క అక్షరంతో పని జరిపించింది.

నిఘంటుప్రియ:
ఖ అంటే ఆకాశం అని బడిలో నేర్చుకున్నాం, ఖగం, ఖేచరుడు, ఖగోళం అంటూ. కఠోపనిషత్తు చూడండి: "పరాంచి ఖాని వ్యతృణత్ స్వయంభూః". అక్కడ ఖాని అంటే ఇంద్రియాలనే రంధ్రాలు, వ్యతృణత్ అంటే తొలిచాడు. తొలచడానికి ఆకాశం పనికిరాదు. తత్వాల్లో శరీరాన్ని తొమ్మిది తూట్ల తిత్తి అంటాం చూశారూ, ఆ తూటే ఈ ఖ. నన్నడిగితే ఖవైగుణ్యానికి తెలుగు మాట "తూటులోని లోటు".

భిషగ్విద్యార్థి:
"తూటు" అంటే బయటి రంధ్రమే గుర్తొస్తుంది. స్రోతస్సు లోపలి దారి కూడా. రసం (ఆహారసారం), రక్తం నడిచే మార్గాలన్నీ అందులోకే వస్తాయి. మాట బాగుంది కానీ ఇరుకైపోయింది.

శ్లోకదాసు:
చరకుడి చికిత్సాస్థానం 15వ అధ్యాయం కూడా చూడండి:

క్షిప్యమాణః ఖవైగుణ్యాద్రసః సజ్జతి యత్ర సః
కరోతి వికృతిం తత్ర ఖే వర్షమివ తోయదః

మొదటి పాదంలో ఖ స్రోతస్సు, చివరి పాదంలో ఖ ఆకాశం. రసం ఎక్కడ చిక్కుకుంటే అక్కడే వికారం, ఆకాశంలో మేఘం నిలిచినచోటే వాన. అక్కడ "స్వవైగుణ్యాత్" అని పెడితే ఈ జంట తెగిపోతుంది. కవి చేసిన పని ఇది, లేఖకుడు చేసింది కాదు.

పోతనాభిమాని:
తోయదః అనగానే ఇక ఆగలేకపోతున్నాను.

ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంతసంవర్ధియై

క్రమంగా పెరగడాన్ని ఇంతకంటే గొప్పగా చెప్పినవాళ్లు లేరు. "అంతై" అన్న ప్రతిసారీ ఒక మెట్టు. దోషం కూడా ఇలాగే ఇంతింతై పెరుగుతుంది. ఆరు మెట్లకూ ఈ పద్యంలోనే పోలికలు చూపించవచ్చు.

భిషగ్విద్యార్థి:
పద్యానికి నమస్కారం. పోలిక మాత్రం మొదటి మెట్టు దాటదు. అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడి మాట చూడండి: "చయో వృద్ధిః స్వధామ్న్యేవ", తన ఇంట్లోనే పెరగడం సంచయం. "కోపస్తూన్మార్గగామితా", దారి తప్పి పోవడం ప్రకోపం. వామనుడు పెరిగాడు కానీ దారి తప్పలేదు.

ఇంకో సంగతి. సంచయ లక్షణాల్లో సుశ్రుతుడు కడుపు బిగిసి నిండినట్టుండడం, ఒళ్లు బరువు, బద్ధకం చెప్పి, చివర "చయకారణవిద్వేషః" అన్నాడు. దోషాన్ని పెంచినదాని మీదే అయిష్టం పుడుతుంది. వాగ్భటుడు దానికి "విపరీతగుణేచ్ఛా" చేర్చాడు, దానికి విరుద్ధమైన గుణం మీద కోరిక. ఏ లక్షణమూ రోగంగా బయటపడకముందే శరీరం తన మందు తానే అడుగుతోందన్నమాట. ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైన మాట ఇదే. "సంచయేఽపహృతా దోషా లభంతే నోత్తరా గతీః" అని ఆ అధ్యాయంలోనే ఉంది. అక్కడే తీసేస్తే పై మెట్లు ఉండవు.

పోతనాభిమాని:
వామనుడు దారి తప్పలేదన్నది నిజమే. బలి మాత్రం ఆ సంచయాన్ని గుర్తించలేదు, శుక్రుడు గుర్తించాడు. "స భవేద్భిషక్" శుక్రుడికి చెల్లుతుంది. ఆ పోలిక నేను వదులుకోను.

పదశోధిని:
పోతన నభోవీధిని తోయదమండలం కంటే కింద పెట్టాడు, గమనించారా? అక్కడ నభస్సు మేఘాల కింద ఉన్న ఖాళీ. ఖ చర్చకు ఇదీ పనికొస్తుంది.

మేఘమాల:
మేఘం పోలిక చరకుడి ఒక్కడిదే కాదు, సుశ్రుతుడికీ ఉంది. ప్రసరం చెప్పేచోట "దోషో వికారం నభసి మేఘవత్తత్ర వర్షతి" అన్నాడు. "నభసి" అన్నాడు, "ఖే" అనలేదు. అంటే ఖ మీద శ్లేష సుశ్రుతుడి మనసులో లేదు. చరకుడి శ్లోకం చూపించి సుశ్రుతుడి పాఠం దిద్దడం నాకు నచ్చదు.

శ్లోకదాసు:
మంచి శ్లోకం ఎత్తారు, కానీ అది నా వాదనకే బలం. మొత్తం శరీరంలోనో, సగంలోనో, ఒక అవయవంలోనో దోషం ఎక్కడ బాగా కోపిస్తే అక్కడ వర్షిస్తుందన్నాడు. అక్కడే ఎందుకన్నది అప్పటికి చెప్పలేదు. 24వ అధ్యాయంలో ఖవైగుణ్యం ఆ ఖాళీ పూరిస్తుంది. "స్వ" అంటే దోషం తన లోపం వల్ల ఆగిందని అర్థం వస్తుంది. అప్పుడు ఒకే దోషం ఒకరికి కీళ్లలో, ఇంకొకరికి చర్మంలో ఎందుకు నిలుస్తుందో చెప్పలేం. చోటులోనే బలహీనత ఉండాలి.

నిఘంటుప్రియ:
లిపి వైపు నుంచి ఒక మాట. నాగరిలో ఖ ని "రవ"గా పొరబడడం లేఖకులకు అలవాటే, "స్వ" కూడా ఆ రూపానికి దగ్గరే. తెలుగు లిపిలో ఖ కీ స్వ కీ పోలికే లేదు. కాబట్టి ఈ మార్పు జరిగి ఉంటే నాగరి ప్రతుల్లోనో, వల్లె వేసే నోట్లోనో జరగాలి.

మేఘమాల:
శ్లోకదాసు గారూ, "స్వ" దోషాన్నే పట్టుకోవాలని ఎవరన్నారు? "యత్ర" అని చోటు ముందే చెప్పాడు. ఆ చోటు తన సొంత లోపం వల్ల అని ఎందుకు తీసుకోకూడదు? అప్పుడు మీ అర్థమూ నిలుస్తుంది, నా పాఠమూ నిలుస్తుంది. సంగః కర్తగా ఉన్న వాక్యంలో స్వశబ్దం దేన్ని పట్టుకుంటుందో వ్యాకరణం చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి.