మన పూర్తి ఫీజుతోనే పక్కవాళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తున్నారా?

ఎడిసన్ అమ్మ:
మా పాపకు పెన్సిల్వేనియాలో ఒక చిన్న ప్రైవేట్ కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్, భోజనంతో కలిపి ఏడాదికి 84 వేల డాలర్లు. మెరిట్ స్కాలర్‌షిప్ అని 30 వేలు తగ్గించారు. అదే కాలేజీలో తెలిసినవాళ్ల అబ్బాయికి 52 వేలు తగ్గింది. మార్కులు ఇద్దరివీ ఒకటే, వాళ్ల ఆదాయం తక్కువ. ఆ పిల్లాడు చదువుకోవద్దని నేననను. కానీ మేమిద్దరం కష్టపడి కట్టే ఫీజులోంచే ఆ 52 వేలు పోతున్నాయా? అలాగైతే మాకు ఒక మాట చెప్పాలి కదా.

డాలస్ తెలుగు:
అలా కాదండీ. కాలేజీలకు ఎండోమెంట్ నిధులుంటాయి. 2024లో హార్వర్డ్‌ది దాదాపు 5,300 కోట్ల డాలర్లు. దాతలిచ్చిన డబ్బు మీద వచ్చే రాబడితోనే సాయం చేస్తారు. మీ ఫీజుకూ దానికీ సంబంధం లేదు.

పద్దుల మనిషి:
నేను ఒక ప్రైవేట్ కాలేజీ అకౌంట్స్‌లో ఆరేళ్లు పనిచేశాను. డాలస్ గారి మాట హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి చోట్లకే నప్పుతుంది. ప్రిన్స్‌టన్ 2001లోనే లోన్ల బదులు తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్లు ఇవ్వగలిగిందంటే ఆ నిధి బలమే. కెంటకీలోని బెరియా కాలేజీ అయితే అసలు ట్యూషన్ ఫీజే తీసుకోదు.

ఎండోమెంట్ అంటే మన ఊళ్లో గుడి మాన్యం లాంటిది. పొలం అమ్మరు, పంటే వాడతారు. సాధారణంగా ఏటా నిధిలో 4.5 నుంచి 5 శాతం దాకా. ఈ చెక్క పంట దీపారాధనకు, ఆ చెక్క పంట అన్నదానానికి అని రాసిచ్చినట్టే, దాతలు కూడా ఫలానా పనికే వాడాలని కట్టడి పెడతారు.

ఇప్పుడు చిన్న కాలేజీ లెక్క చూడండి. నిధి 10 కోట్ల డాలర్లు, విద్యార్థులు 2 వేల మంది అనుకుందాం. 5 శాతం తీస్తే 50 లక్షలు. తలకు 2,500 డాలర్లు. మీ 30 వేలు, వాళ్ల 52 వేలు ఇందులోంచి ఎలా వస్తాయి? రావు. చాలావరకు ఆ డబ్బు ఎక్కడా ఉండదు. 84 వేలని ధర రాసి, మీ దగ్గర 54, వాళ్ల దగ్గర 32 తీసుకుంటారు. పద్దులో తగ్గింపు అని రాసుకుంటారు, అంతే. 2023-24లో ప్రైవేట్ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్లకు ట్యూషన్ ఫీజులో సగటున 56 శాతం తగ్గించారని కాలేజీల ఆర్థికాధికారుల సంఘం నాక్యూబో సర్వేలో తేలింది. ఖాళీ సీటు కన్నా 32 వేలిచ్చే విద్యార్థి నయం. ఆ అబ్బాయి రాకపోయినా లెక్చరర్ల జీతాలు, బిల్డింగుల ఖర్చు అలాగే ఉంటాయి, మీ ఫీజు తగ్గదు.

ఎడిసన్ అమ్మ:
లెక్క అర్థమైంది. కానీ లేని డబ్బుకు స్కాలర్‌షిప్ అని పేరెందుకు? ఆ ఉత్తరం చూసి పాప ఎంత మురిసిపోయిందో! హైదరాబాద్ నుంచి ఎంఎస్‌కి వచ్చిన మా తమ్ముడి కొడుక్కి మాత్రం ఒక్క డాలరు తగ్గించలేదు. ఇల్లు తాకట్టు పెట్టి పంపారు.

పద్దుల మనిషి:
పేరు విషయంలో మీ కోపం న్యాయమే. తగ్గింపు అని రాస్తే తల్లిదండ్రులు బేరమాడతారు, స్కాలర్‌షిప్ అంటే కళ్లకద్దుకుంటారు. ఎంఎస్ పిల్లల సంగతి ఇంకా బాధ. చాలా కాలేజీలు ఆ కోర్సులను ఆదాయం కోసమే నడుపుతాయి. డిగ్రీలో తగ్గించింది కొంత అక్కడ పూడ్చుకుంటాయి. ఇతరుల భారం మోసేది ఎవరంటే, నా దృష్టిలో మీకన్నా ముందు మీ తమ్ముడి కొడుకే.

మీరు ఉత్తరంలో ఒకటి చూడండి. ఆ 30 వేలు నాలుగేళ్లూ అంతేనా, ఫీజుతో పాటు పెరుగుతుందా? ఫీజు ఏటా 4 శాతం పెరిగి, స్కాలర్‌షిప్ అలాగే ఉంటే నాలుగో ఏడు మీరు కట్టేది 64 వేలు దాటుతుంది.

ఎడిసన్ అమ్మ:
ఇప్పుడే తీసి చూశాను. 30 వేలనే ఉంది, పెరుగుదల మాటే లేదు. జీపీఏ 3.2 తగ్గకూడదట. సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తాను.