తలుపులన్నీ మూసి పడుకుంటే పొద్దున్నే తల బరువు, ఏం చేయాలి?

రాత్రి కిటికీలు మూసేసి ఏసీ వేసుకుని ముగ్గురం ఒకే గదిలో పడుకుంటాం, లేచేసరికి నాకు తల బరువు, బాబుకి ముక్కు దిబ్బడ. బీరువా వెనక గోడ ముట్టుకుంటే చల్లగా చెమ్మ తగులుతోంది, నల్లటి చుక్కలు కూడా ఉన్నాయి. ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా, మొక్కలు పెట్టాలా?

జవాబు 1:
ముందు ఆ చెమ్మ సంగతి చూడండి. ఆ చుక్కలు బూజు అయ్యుంటాయి, పైన రంగు వేస్తే కొన్నాళ్లకి మళ్లీ వస్తాయి. నీళ్లు ఎక్కడ నుంచి దిగుతున్నాయో కనిపెట్టి ఆపాలి. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి.

జవాబు 2:
మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (గాలిలో పది లక్షల్లో ఎన్ని వంతులో చెప్పే లెక్క) దాకా ఉంటే, మూసిన గదిలో ముగ్గురు పడుకుంటే 1000 సులువుగా దాటుతుంది, మీ తల బరువు దానివల్ల కావచ్చు. ప్యూరిఫయర్‌లో ఉండే హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల సన్నటి ధూళిని 99.97 శాతం పట్టేస్తుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించలేదు. తలుపు నాలుగు వేళ్లంత తెరిచి పడుకుని చూడండి, మాకు వారంలోనే తేడా తెలిసింది.

జవాబు 3:
మొక్కల మీద ఆశ పెట్టుకోకండి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయా అని 1989లో నాసా పరీక్షించింది మూసిన పెట్టెల్లో, ఇంట్లో కాదు. పైగా కుండీల తడి మీ గోడకి మంచిది కాదు.

అడిగినవారు:
బీరువా జరిపాం. స్నానాలగది పైపు జాయింట్ దగ్గర గోడంతా తడే. రేపు ప్లంబర్ వస్తున్నాడు. చాలా థ్యాంక్స్ అండీ.