టమాటా నారు పడిపోతోంది, సూడోమోనాస్ పనిచేస్తుందా?

ప్రశ్న (మదనపల్లె దగ్గర రైతు):
అన్నలకు నమస్కారం. నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పొడి వాడమంటున్నారు. అది తెగులును ఎలా ఆపుతుంది?

జవాబు:
తమ్ముడూ, అది నారుకుళ్ళు తెగులు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజు తరహా తెగులు కారకాలు నీరు నిలిచిన మడిలో చెలరేగుతాయి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వేరు చుట్టూ ముందే చేరి, సిడెరోఫోర్లు అనే పదార్థాలతో మట్టిలోని ఇనుమును లాగేసుకుంటుంది. ఇనుము అందక తెగులు కారకం పెరగలేదు. కొన్ని రకాలు యాంటీబయాటిక్‌లనూ తయారుచేస్తాయి. పైగా మొక్కకున్న సొంత రోగనిరోధక శక్తిని కూడా మేల్కొలుపుతుంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

కానీ పడిపోయిన మొలకను ఇది లేపలేదు, ముందుగా వాడాల్సిందే. వచ్చే మడికి కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తు. మడిలో బాగా చివికిన పశువుల ఎరువుతో కలిపి చల్లు. ఇప్పటికైతే తడి తగ్గించు, నారు మరీ ఒత్తుగా ఉంటే పలచన చెయ్యి.

మరో జవాబు:
కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందుతో కలిపి మాత్రం వాడొద్దన్నా. రాగి ఈ బ్యాక్టీరియానూ చంపుతుంది.

ఇంకో జవాబు:
ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. సూడోమోనాస్‌కు సిద్ధబీజాలు (గట్టి పొరతో నిద్రలో ఉండే రూపం) ఉండవు, ఎండలో పెడితే చచ్చిపోతుంది. మా షెడ్డులో వేడి ఎక్కువ, అందుకే నేను బాసిల్లస్ సబ్టిలిస్ తెచ్చుకుంటా. దానికి సిద్ధబీజాలు ఉంటాయి, వేడికి తట్టుకుంటుంది.