వాలీబాల్ కోచ్ మా నాన్న: ఆయన దగ్గర ఆడినవాళ్లు మీకు గుర్తున్నవి రాయండి

పెద్దబ్బాయి:
నాన్న పోయాక ఆయన గురించి నాలుగు పేజీలు రాసి పిల్లల కోసం దాచుదామని కూర్చున్నాను. ఇంట్లో నాన్న నాకు తెలుసు, గ్రౌండ్‌లో నాన్న మీకే ఎక్కువ తెలుసు. మంచివారు, క్రమశిక్షణ గలవారు లాంటి మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు, అవి వద్దు. ఆయన అన్న మాట, చేసిన పని ఏదైనా ఒక్కటి చెప్పండి చాలు.

సెట్టర్:
నేను స్మాష్‌లు కొడదామని వచ్చాను, సార్ నన్ను సెట్టర్‌ని చేశారు, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి అందించేవాణ్ని. పాస్ ఇస్తే చప్పుడు వినపడకూడదు అనేవారు, చప్పుడు వచ్చిందంటే బంతి వేళ్లకు కాదు, అరచేతికి తగిలిందన్నమాట. గోడ మీద సుద్దతో గీత గీసి దాని పైనే బంతి తగలాలని పక్కనే నిలబడేవారు, మిగతావాళ్లందరూ వెళ్లిపోయాక కూడా. పేరంతా స్మాష్ కొట్టినవాడికే వస్తుందని ఒకసారి మొహం ముడుచుకుంటే, "వాడికి బంతి ఎవరిచ్చారో నేను రాసుకుంటున్నానురా" అన్నారు. నిజంగానే ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

పొట్టివాడు:
నా ఎత్తు చూసి అందరూ వేరే ఆట చూసుకోమన్నారు, సార్ మాత్రం అనలేదు. 1998లో అంతర్జాతీయ ఆటలోకి లిబెరో అనే ఆటగాడి స్థానం వచ్చింది కదా, వాడు వెనక వరసలోనే ఆడాలి, బ్లాక్ చేయకూడదు (నెట్ దగ్గర ఎగిరి అవతలివాళ్ల బంతిని ఆపకూడదు), జెర్సీ రంగు వేరుగా ఉండాలి. ఆ రూల్ తెలిసిన రోజు నన్ను పిలిచి "నీకోసమే పెట్టినట్టుంది" అన్నారు, మొహం వెలిగిపోయింది. వేరే రంగు జెర్సీ మా టీమ్‌కి ఎక్కడిది? తన నీలం చొక్కా తెచ్చిచ్చారు. డైవ్ చేసి చేసి మోచేతుల దగ్గర చిరిగిపోయింది.

పెద్దబ్బాయి:
ఆ చొక్కా నీ దగ్గరికి వచ్చిందా! అమ్మ దాన్ని పక్కల కుట్లు విప్పి చిన్నది చేస్తుంటే నాకే అనుకున్నాను. ఎవరికని అడిగితే నాన్న "మనవాడికే" అన్నారు, అంతే.

2.24:
సీనియర్ ఆటలో అబ్బాయిలకు నెట్ 2.43 మీటర్లు, అమ్మాయిలకు 2.24. మా కోసం రోజూ నెట్ దించి, మా ఆట అయ్యాక మళ్లీ ఎక్కించేవారు. అబ్బాయిల నెట్ మీదే ఆడుకోండి అని ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. మా ఇంట్లో ఇక పంపం అన్నప్పుడు ఇంటికొచ్చి మా నాన్నతో చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. ఆ తర్వాత ప్రాక్టీస్ అయ్యాక మమ్మల్ని ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మం దాకా దింపి వెళ్లేవారు.

పెద్దబ్బాయి:
ఆయన రాత్రి ఆలస్యంగా వచ్చేది ఇందుకా. మాకెప్పుడూ చెప్పలేదు, మేం భోజనానికి ఎదురుచూసేవాళ్లం.

సర్వీస్:
నాకు ఆయన అరుపులు నచ్చేవి కావు, అదీ రాయాలి. 1999లో ర్యాలీ పాయింట్ పద్ధతి వచ్చాక మరీ ఎక్కువైంది. అంతకుముందు సర్వీస్ నెట్ దాటకపోతే సర్వీస్ మాత్రమే పోయేది, కొత్త పద్ధతిలో అవతలివాళ్లకి నేరుగా పాయింట్. దాంతో మా సర్వీస్‌లు మొదటి నుంచి మళ్లీ నేర్పించారు, ఎంత టెన్షన్ పెట్టారో. ఒకసారి నేను ఏడ్చేశాను. మర్నాడు అందరి ముందే "నిన్న ఎక్కువ అరిచాను, తప్పు నాదే" అన్నారు. పిల్లలతో ఆ మాట అన్న పెద్దవాళ్లను నేను వేరే ఎవర్నీ చూడలేదు. ఈ రెండూ రాయండి, ఒకటి రాసి ఒకటి వదిలేయకండి.

సెట్టర్:
అన్నా, ఇవి టైప్ చేయించుకోవడంతో ఆపకు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి గొంతు రికార్డ్ చెయ్యి, సార్ మాటల్ని అనుకరిస్తూ చెప్తారు, అది అక్షరాల్లో రాదు. ఫోటోల వెనక పేర్లు ఇప్పుడే రాసెయ్యి.

పెద్దబ్బాయి:
ఈ ఆదివారం నుంచే మొదలుపెడతాను. నోట్‌బుక్ దొరికింది, స్కోర్ల పక్కన ఎవరి మోకాలికి దెబ్బ, ఎవరికి బూట్లు లేవు అన్నీ రాసి ఉన్నాయి. ఒక టీమ్ ఫోటో పెడుతున్నాను, వెనక వరసలో ఎడమ నుంచి రెండో అబ్బాయి పేరు ఎవరికైనా తెలుసా?