బడి గోడ మీద మన మలేరి డైనోసార్ వెయ్యాలి. నోట్లో ఏం పెట్టమంటారు?

గోడబొమ్మల_గాజువాక:

నమస్కారం అండి. నాది వైజాగ్, గాజువాక. గోడల మీద బొమ్మలు వెయ్యడం నా పని. మొదట్లో సినిమా కటౌట్లు చేసేవాళ్ళం. ఫ్లెక్సీలొచ్చాక ఆ పని పోయింది. తర్వాత కొన్నాళ్ళు షాపు బోర్డులు, ఇప్పుడు ఎక్కువగా చిన్నపిల్లల బళ్ళు. ఏనుగులు, చేపలు, అ అంటే అమ్మ.

మధురవాడ వైపు ఒక బడివాళ్ళు 18 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు గోడ ఇచ్చి డైనోసార్లు వెయ్యమన్నారు. ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. పోయినేడు ఇంకో బడిలో ఫోన్లో దొరికిన బొమ్మ చూసి టైరనోసారస్ వేశాను, చేతికి మూడేసి వేళ్ళు పెట్టాను. గోడ చూడ్డానికి పిల్లల్ని తీసుకొచ్చిన రోజు యూకేజీ పిల్లాడొకడు ముందుకొచ్చి "అంకుల్, దీనికి రెండే వేళ్ళు" అన్నాడు. టీచర్లు కూడా నవ్వారు. మర్నాడు తెల్లారకుండా వెళ్ళి ఒక్కో వేలు చెరిపాను. రంగు సరిగ్గా కలవలేదు. ఎండ ఏటవాలుగా పడితే ఆ వేలి నీడ ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకని ఈసారి ఎవరూ వెయ్యనిది, మన తెలుగు నేలలో దొరికినది వేద్దామనుకున్నాను. వెతికితే ఆల్వాకేరియా అని ఒకటి తగిలింది. పాత ఆదిలాబాద్ జిల్లాలో మలేరి అనే ఊరి దగ్గరి మట్టిలోదట. పూర్తి పేరు ఆల్వాకేరియా మలేరియెన్సిస్. ఇది చెప్తే బడి మేడమ్ గారు "పిల్లల బడి గోడ మీద మలేరియా ఏటండీ" అన్నారు. ఆవిడకి పేరుతో పని లేదు, నోట్లో మాంసం ముక్క, కింద రెండు చుక్కలు రక్తం ఉంటే చాలట.

తీరా చదవబోతే ఒకచోట వేటాడే జంతువు అన్నారు, ఒకచోట పురుగులు తినేది అన్నారు, ఇంకోచోట ఆకులు కూడా తినేదేమో అన్నారు. ఎంత సైజు ఉండేది, ఏ రంగు, నోట్లో ఏం పెట్టాలి? వెనకాల సముద్రం, కొబ్బరిచెట్లు వెయ్యొచ్చా? మన ఎర్రమట్టి దిబ్బల్లో కూడా ఇలాంటి ఎముకలు దొరుకుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి. ప్రైమరు కొట్టేశాను, సోమవారం గీత మొదలెట్టాలి.

కాలేజీ_బ్యాక్‌బెంచ్:

అన్నా, ఎందుకొచ్చిన గొడవ, రాజాసారస్ వేసెయ్. నెత్తి మీద కొమ్ము కూడా ఉంటుంది, పిల్లలకి నచ్చుతుంది.

రాళ్ళమాస్టారు:

రాజాసారస్ గుజరాత్‌ది తమ్ముడూ. ఆయన అడిగింది గోదావరి లోయది. పైగా రెండింటికీ మధ్య పదిహేను కోట్ల ఏళ్ళకి పైనే తేడా.

గోడబొమ్మల గారూ, నేను ఏయూలో జియాలజీ చదివి, ఉద్యోగమంతా బొగ్గు గనుల వైపు చేసి, రిటైరై సీతమ్మధారలో ఉంటున్నాను. ముందు తేలికవి తేల్చేద్దాం.

సముద్రం వద్దు. ఆల్వాకేరియా కాలం 22, 23 కోట్ల ఏళ్ళ కిందటిది. అప్పటికి బంగాళాఖాతమే లేదు. మన తూర్పు తీరానికి అంటార్కిటికా అతుక్కుని ఉండేది. అంటే ఇప్పుడు ఆర్కే బీచ్‌లో బజ్జీలు తినే చోట నిలబడి తూర్పుకి నడుచుకుంటూ పోతే కాలు తడవకుండా అటు వెళ్ళిపోవచ్చన్నమాట. కొబ్బరిచెట్లు వద్దు, గడ్డీ వద్దు, పూలు అసలే వద్దు. ఫెర్న్ మొక్కలు వెయ్యండి, వెనకాల సూదాకుల చెట్లు రెండు మూడు వెయ్యండి.

ఎర్రమట్టి దిబ్బల్లో ఎముకల కోసం వెతక్కండి. అవి గాలి, ఇసుక, వాన కలిసి చేసిన దిబ్బలు. వాటి వయసు వేల ఏళ్ళలో చెప్పుకోవాలి, కోట్లలో కాదు. కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఉండే ఖోండలైట్ రాయి దానికి పూర్తిగా ఎదురు. దాదాపు వంద కోట్ల ఏళ్ళ నాడు భూమి లోపల ఉడికి, నలిగి తయారైంది. అప్పటికి ఎముకలున్న ప్రాణే పుట్టలేదు. మనూళ్ళో ఒకటి మరీ కొత్తది, ఇంకొకటి మరీ పాతది. డైనోసార్ మధ్యలో జారిపోయింది.

ఇక అసలు విషయం. ఆల్వాకేరియా అని చెప్తున్న ఎముకలన్నీ కలిపి ఒక అన్నం పళ్ళెంలో పట్టేస్తాయి. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ దగ్గరున్నాయి. పై దవడ, కింది దవడల ముందు ముక్కలు, అరకొరగా 28 వెన్నుపూసలు, ఒక తొడ ఎముక, ఒక చీలమండ ఎముక. తల ముక్క నాలుగు సెంటీమీటర్లు. అగ్గిపెట్టెలోంచి ఒక పుల్ల తీసి బల్ల మీద పెట్టుకోండి, దగ్గర దగ్గర అంతే. ముక్కు నుంచి తోక చివర దాకా మీటరు, మీటరున్నర అని అంచనాలు చెప్తారు గానీ అందులో సగం తోకే. మీ మేడమ్ గారు రక్తం కార్చమంటున్న ఆ భయంకర జంతువు ఒక పందెం పుంజు పక్కన నిలబడితే పుంజే గెలుస్తుందేమో.

దాని పళ్ళ సంగతి చూడండి. ముందువి సన్నగా నిటారుగా ఉన్నాయి, పక్కవి వెనక్కి వంగి ఉన్నాయి. వంగిన పన్ను పట్టుకున్నదాన్ని జారనివ్వదు. కానీ అంచుకి కక్కు లేదు. మాంసం కోసుకు తినే డైనోసార్ల పన్ను కక్కుకొడవలిలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. దీనిది నున్నటి అంచు. ఒకే నోట్లో రెండు రకాల పళ్ళు, కక్కు లేదు కాబట్టి పురుగులు, బల్లుల్లాంటి చిన్న ప్రాణులు, మధ్యలో ఏ మెత్తటి ఆకో అని ఊహించారు. ఊహ మాత్రమే.

దీన్ని వర్ణించింది శంకర్ ఛటర్జీ గారు, 1987లో. అప్పుడు పెట్టిన పేరు వాకేరియా, ఆలిక్ వాకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు మీద. ఆ పేరు అప్పటికే సముద్రంలో నాచులా పెరిగే ఒక చిన్న ప్రాణికి ఉంది. ఒకే పేరుతో రెండు షాపులుంటే ఏం చేస్తారు, 1994లో ముందు 'ఆల్' తగిలించారు. మలేరియాకీ దీనికీ సంబంధం లేదని మేడమ్ గారికి చెప్పండి.

పేరు గొడవ తీరింది గానీ ఒంటి గొడవ తీరలేదు. 2005లో రెమెస్, రౌహుట్ అనే ఇద్దరు ఆ ఎముకల్ని మళ్ళీ పరిశీలించి, ఇది ఒక్క జంతువు కాదు, కలగాపులగం అన్నారు. తొడ ఎముక, చీలమండ మాత్రం డైనోసార్‌వే. వెన్నుపూసల్లో వేరే సరీసృపాలవి కలిశాయి. అలాంటప్పుడు ఆ దవడ కూడా దీనిదే అని గట్టిగా ఎలా చెప్తాం? దవడ దీనిది కాకపోతే పళ్ళ గురించి నేను పైన రాసిందంతా ఇంకెవరి గురించో అవుతుంది.

గోడబొమ్మల_గాజువాక:

మాస్టారూ, అంటే స్క్రాప్ షాపులో ఒక బండి ట్యాంకు, ఇంకో బండి ఇంజను బిగించి అమ్మినట్టా? మరి నేను ఏ బండి బొమ్మ గియ్యాలి?

హార్బర్_పిల్ల:

నాకు డైనోసార్ల గురించి పెద్దగా తెలీదండి. మా అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు చేపలు కోసింది. సెలవుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. కత్తిపీట మీద వంజరం పెట్టి పొట్ట చీరితే లోపల కవళ్ళు కనిపించేవి. ఒక్కోసారి నిన్న పట్టినట్టే నిగనిగలాడుతూ, ఒక్కోసారి సగం కరిగి ముళ్ళు తేలి. పొట్ట తెరిస్తే ఏం తిందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్ళు చూసి చెప్పేవన్నీ పందేలే అనేది మా అమ్మ. ఆ మలేరి మట్టిలో పొట్టతో సహా దొరికినవి ఏమీ లేవా?

రాళ్ళమాస్టారు:

అమ్మాయ్, సరిగ్గా అడిగావు. ఉన్నాయి! అదే మలేరి మట్టిలో పారాసూకస్ అని మొసలిలాంటిది దొరికింది. మొసలి కాదు, ముక్కు రంధ్రాలు మూతి చివర కాకుండా కళ్ళ దగ్గర ఉంటాయి. రెండు అస్థిపంజరాలు పక్కపక్కనే, కీళ్ళు విడిపోకుండా దొరికాయి. వాటి పొట్టలున్న చోట మలేరిసారస్ అనే బల్లిలాంటి జంతువు ఎముకలున్నాయి. మీ అమ్మగారి కత్తిపీట మీద వంజరంలో కవళ్ళు కనిపించినట్టే. దాని తిండి గురించి వాదన లేదు.

ఆల్వాకేరియాకి ఆ అదృష్టం లేదు. పొట్ట మాట దేవుడెరుగు, పక్కటెముకలే సరిగ్గా లేవు.

ఇంకో తమాషా ఉంది. 2025లో మలేరి పొరల పైభాగంలోంచి ఇంకో వేట డైనోసార్‌కి పేరు పెట్టారు: మలేరిరాప్టర్ కుట్టీ. గోదావరి లోయలో శిలాజాల కోసం ఏళ్ళ తరబడి తిరిగిన టి. ఎస్. కుట్టి గారి పేరు మీద. ఇది హెర్రెరాసార్ల జాతి అని, ఆ జాతి మన వైపు కూడా బతికిందని దీనివల్ల తెలిసింది. అర్జెంటీనాలో దొరికిన హెర్రెరాసార్లు నికార్సైన మాంసాహారులు, కక్కు పళ్ళు. మన దానికి దొరికింది మాత్రం నడుము ఎముకలు, వెన్నుపూసలు. తల లేదు, పన్ను ఒక్కటి కూడా లేదు. చుట్టాలు మాంసం తింటారు కాబట్టి ఇదీ తినేదే అంటున్నాం, అంతే. మొదటిదానికి మూతి ఉంది, అది దానిదేనా అని అనుమానం. రెండోదానికి మూతే లేదు. ఎంచుకోండి.

ఎర్రసౌడు:

మాది మంచిర్యాల దిక్కు. ఆ మలేరి మట్టి మీద నడిచినోళ్ళకి తెలుస్తది. ఎండాకాలం పెంకుల్లెక్క పగులుతది, రెండు చినుకులు పడితే చెప్పు వదలదు. వానాకాలం పోంగ గట్లు కోసుకపోయి కొత్తయి బయటపడుతయి. చిన్నప్పుడు మేకలు కాసేటోళ్ళు తెల్లరాళ్ళు అని విసిరిన వాటిల ఏమేం ఉన్నయో. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల నిలబెట్టిన కోటసారస్ మా దిక్కు యామన్‌పల్లిదే. అది చెట్లు తినేది, పెద్దది, కాలం కూడా దీనికన్నా తర్వాతిది. మీ గోడకి అంత పెద్దది పట్టదు గానీ, నేల రంగు మాత్రం సరిగ్గ వెయ్యున్రి. ఇటుక రంగు కాదు, కొంచెం ఊదా కలిసిన ఎరుపు.

గోడబొమ్మల_గాజువాక:

అందరికీ దండాలు. అన్నా, ఊదా కలిపిన ఎరుపు అన్నారు చూడండి, నాకు కావలసింది అదే. పుస్తకాల్లో ఆ మాట దొరకదు. రెడ్ ఆక్సైడ్‌లో వయొలెట్ స్టెయినర్ నాలుగు చుక్కలు వేసి అట్టముక్క మీద ఆరబెట్టాను, బాగా కుదిరింది.

ఇంతకీ ఏం చేశానంటే, గోడకి ఎడమ వైపు సగం పారాసూకస్‌కి ఇచ్చేశాను. ఏటి ఒడ్డున పడుకుని, నోట్లో మలేరిసారస్. సాక్ష్యం ఉంది కాబట్టి ధైర్యంగా గీశాను, మేడమ్ గారికి కావలసిన రక్తం కూడా అక్కడే రెండు చుక్కలు పెట్టాను. ఆవిడ శాంతించారు.

కుడి వైపు ఆల్వాకేరియా. ఫెర్న్ మొక్కల వెనక నిలబెట్టాను. ఒక కాలు మాత్రం తొడ నుంచి మడమ దాకా పూర్తిగా కనపడుతుంది, దాని మీద రెండు రోజులు కూర్చున్నాను. వెన్ను అంతా ఆకుల చాటునే. మూతి ఒక్కటే బయటికి వచ్చింది, అది మూసేశాను. దాని ముందు ఆకు మీద ఒక పురుగుని వేశాను. పురుగుని చూస్తోందో, ఆకుని చూస్తోందో చూసేవాళ్ళ ఇష్టం. మాస్టారూ, రంగు గురించి మాత్రం మీరు ఏమీ చెప్పలేదు.

రాళ్ళమాస్టారు:

రంగు మీ చేతిలో పని. చైనాలో దొరికిన కొన్ని ఈకల డైనోసార్లకి ఈకల్లో రంగు రేణువుల ఆకారాలు మిగిలి, తోక మీద చారలున్నాయని కూడా చెప్పగలిగారు. మన దానికి చర్మం ముక్క కూడా లేదు. మన పెరట్లో తొండ రంగు వేసినా తప్పు పట్టేవాడు లేడు. కాలి వేళ్ళు ఎన్ని వేశారు?

గోడబొమ్మల_గాజువాక:

తొండ రంగే వేశాను మాస్టారూ, మెడ కింద కాస్త ఎరుపు. వేళ్ళా? పాదం దగ్గరికి రాగానే మట్టిలో దిగబడినట్టు గీసేశాను. వాన పడితే చెప్పు వదలని నేల అన్నారు కదా ఆ అన్న.